నేర ధారావాహికల్లో పోలీసు ఇంటి గుమ్మం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు.

నేర పరిశోధన ధారావాహికల గురించి మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు రాసిన అభిప్రాయాలను నేను శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు చదివాను. వాటిలో రెండు అభిప్రాయాలు నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. పోలీసు అధికారి ఇంటి సన్నివేశం రాగానే తాను ముందుకు జరిపేసి, మళ్ళీ స్టేషన్ కనిపించినప్పుడే ఆపుతానని, భార్యాబిడ్డల గొడవ కథకు అడ్డమని ఒక పాఠకుడు రాశారు. కలిసి పరిశోధన చేసే స్త్రీ పురుష అధికారులు చివరికి ఒకటి కాకపోతే అన్ని భాగాలు ఓపికగా చూసినందుకు దక్కేదేమిటని ఒక పాఠకురాలు అడిగారు. ఒకరు బంధాలు వద్దంటున్నారు, ఒకరు కావాలంటున్నారు కాబట్టి ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు అభిప్రాయాల్లా కనిపిస్తాయి గానీ, ఇద్దరి అసంతృప్తికీ మూలం ఒకటేనని నాకు తోచింది. పాత్రల మధ్య ఉన్న బంధాన్ని కేసులోకి అల్లడం చేతకాని రచయితలు, దాన్ని కేసు పక్కన విడిగా నిలబెడుతున్నారు. విడిగా నిలబెట్టినదాన్ని ఒకరు దాటవేస్తారు, ఇంకొకరు దానికి ప్రేమకథ ముగింపైనా ఇమ్మని అడుగుతారు.

ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటో ముందు చెప్పుకోవాలి. నేను ఉత్తర చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, తమిళనాడు పోలీసు శాఖలో పనిచేసిన తెలుగు వ్యక్తిని పెళ్ళి చేసుకున్నాను. మా వారు కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులై, స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశారు. మా సంసారంలో ఎక్కువ భాగం కొండితోపు పోలీసు క్వార్టర్సులోనే గడిచింది. స్టేషన్‌లో తమిళం, ఇంట్లో తెలుగు, పక్కింట్లో రెండూ కలిసిన భాష మధ్య మా పిల్లలు పెరిగారు. దూరదర్శన్ రోజుల నుంచి నేటి ఓటీటీల దాకా నేర కథలను మేమిద్దరం కలిసే చూస్తున్నాము. మహజర్ (పోలీసులు సాక్షుల ఎదుట రాసే నివేదిక) రాసే తీరులోనో, సాక్షుల సంతకాలు పెట్టించే తీరులోనో తప్పు కనబడితే ఆయన చెబుతారు. ఇల్లు చూపించే తీరులో తప్పు కనబడితే నేను చెబుతాను.

క్వార్టర్సులో మేమున్నది రెండో అంతస్తు. ఎక్కడైనా శవ పంచనామాకు వెళ్ళివచ్చిన రోజున మా వారు నేరుగా ఇంట్లోకి వచ్చేవారు కాదు. మెట్ల కింద కుళాయి దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలవకుండా, ఒక్కసారి గట్టిగా దగ్గేవారు. నేను వేడినీళ్ళ బకెట్టు, తువ్వాలు, ఉతికిన లుంగీ తీసుకొని దిగేదాన్ని. ఆయన స్నానం చేసి పైకి వచ్చేదాకా నేను ఏమీ అడిగేదాన్ని కాను, ఆయనా ఏమీ చెప్పేవారు కారు. అన్నం దగ్గర కూర్చున్నాక కలిపిన ముద్ద చేతిలో ఎంతసేపు ఆగిపోయిందో చూసి, చనిపోయినవారు పెద్దవారో పసివారో నేను గ్రహించేదాన్ని. ఇన్నేళ్ళలో నేను చూసిన ఇన్ని సీరియళ్ళలో ఆ ముద్దను పట్టించుకున్న భార్య ఒక్కరైనా నాకు కనబడలేదు.

నేను కోపగించుకోలేదని చెప్పడం లేదు. దీపావళి ముందు వారమంతా ఆయన టి.నగర్ రంగనాథన్ వీధి జనంలో బందోబస్తులో ఉండేవారు, వినాయక నిమజ్జనం రోజున సముద్రతీరంలో ఉండేవారు, మా చిన్నవాడికి కామెర్లు వచ్చి వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కోర్టు డ్యూటీలో ఉన్నారు. నేను ఏడ్చాను, మాట్లాడటం మానేశాను, ఒకసారి పిల్లలను తీసుకొని తిరుత్తణిలోని మా పెద్దక్క ఇంటికి వెళ్ళి పది రోజులు ఉండిపోయాను. అయితే నా కోపానికి కారణాలు మారుతూ వచ్చాయి, దాని వెనుక నాకు తెలిసిన సంగతులూ ఉండేవి. సీరియళ్ళలో భార్య కోపానికి మాత్రం ఒకే వాక్యం కేటాయిస్తున్నారు. ఉద్యోగం ముఖ్యమా, మేము ముఖ్యమా అని ఆమె అడుగుతుంది, ఫోను మోగుతుంది, అతను వెళ్ళిపోతాడు. ఎనిమిది భాగాల కథలో ఆ మొదలూ ముగింపూ లేని దృశ్యం నాలుగైదుసార్లు వస్తే, దాన్ని దాటవేసిన పాఠకుణ్ణి నేను తప్పుపట్టలేను.

మంచి కథలు ఈ పని ఎలా చేశాయో చూపించాలంటే నాకు ముందుగా గుర్తుకొచ్చేది ‘దహాడ్’. 2023లో వచ్చిన ఈ సీరియల్ రాజస్థాన్‌లోని ఒక చిన్న ఊరి స్టేషన్‌లో నడుస్తుంది. సబ్ ఇన్‌స్పెక్టర్ అంజలి భాటీకి ఇంట్లో తల్లితో రోజూ ఒకటే తగువు. పెళ్ళి చేసుకోమని తల్లి సంబంధాలు తెస్తూనే ఉంటుంది. మొదటి భాగంలో అది మనం ఎన్నోసార్లు చూసిన తగువులాగే అనిపిస్తుంది. కేసు విప్పుకుంటున్నకొద్దీ చనిపోయిన ఆడవాళ్ళందరూ పెళ్ళి కాలేదన్న మాట పడలేక, కట్నం అడగని మగవాడు దొరికాడని నమ్మి ఇల్లు విడిచి వెళ్ళినవాళ్ళేనని తెలుస్తుంది. లేచిపోయిందన్న సిగ్గుతో ఇంటివాళ్ళు వెతకనే లేదు కాబట్టి హంతకుడికి అంతకాలం అడ్డు లేకుండా పోయింది. అప్పుడు అంజలి ఇంట్లో తల్లి తెచ్చే ఒత్తిడి, ఆ ఆడవాళ్ళను చావుదాకా నడిపించిన ఒత్తిడి ఒకటేనని మనకు అర్థమవుతుంది. ఆ ఇంటి సన్నివేశాలను దాటవేసి చూసినవారికి హంతకుడెవరో తెలుస్తుంది గానీ అతనికి అంతమంది ఎలా చిక్కారో తెలియదు. అదే సీరియల్‌లో పార్ఘీ అనే అధికారికి భార్య గర్భవతి అని తెలిసినా సంతోషం కలగదు, ఇలాంటి లోకంలోకి బిడ్డను తేవడానికి మనసొప్పదు. ఆ భయం అతనికి రోజూ చూసే ఫైళ్ళలోనుంచి వచ్చిందే. మా వారు ఆ సన్నివేశం చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తమిళంలో వచ్చిన ‘వదంది’లో ఎస్.జె. సూర్య పాత్ర ఒక పోలీసు అధికారి, చనిపోయిన వెలోనీ అనే అమ్మాయి గురించి ఆలోచిస్తూ ఆలోచిస్తూ తన ఇంటికి తానే పరాయివాడవుతాడు. ఆ అమ్మాయి గురించి ఊరిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వదంతి చెబుతుంటే, వాటిలో నిజమైన అమ్మాయిని వెతకడం అతనికి పిచ్చిగా మారుతుంది. భార్యకు పోటీగా వచ్చింది మరో స్త్రీ కాదు, ఒక చనిపోయిన పిల్ల. ఆ భార్య బాధను ఎవరికి చెప్పుకోగలదు? అటువంటి బాధ నిజంగా ఉంటుందని నేను సాక్ష్యం చెప్పగలను. ఆ పాత్రకు మరికొంచెం చోటిచ్చి ఉంటే ఆ సీరియల్ ఇంకా గొప్పదయ్యేది.

ఇక్కడ పాత దూరదర్శన్‌ను తలచుకోకుండా ఉండలేను. 1993లో బాసు ఛటర్జీ దర్శకత్వంలో ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’ వచ్చినప్పుడు మాకు హిందీ అంతంతమాత్రంగానే వచ్చు, అయినా ఒక్క వారం కూడా వదల్లేదు. రజిత్ కపూర్ వేసిన డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్, కె.కె. రైనా వేసిన అజిత్ ఒకే ఇంట్లో ఉండే స్నేహితులు. ఒక హత్య కేసులో అనుమానం పడిన యువకుడి చెల్లెలిగా సత్యవతి కథలోకి వచ్చి, తర్వాత బ్యోమ్‌కేశ్ భార్య అవుతుంది. ఆమె వచ్చిన తర్వాత ఆ స్నేహితుల మధ్య ఏమీ చెడిపోలేదు. ముగ్గురూ ఒక ఇంటివాళ్ళలాగానే ఉంటారు. తక్కువ సమయంలో కేసు ముగించాల్సిన కథల్లో కూడా, టీ కప్పులు, దినపత్రిక, వెక్కిరింత, చిన్న అలకల మధ్య ఆ ముగ్గురినీ గుర్తుండేలా నిలబెట్టగలిగారు. ఆ మూడు పాత్రల మీద మమకారం కలిగాక, హంతకుడెవరో ముందే తెలిసిన భాగాన్ని కూడా మేము రెండోసారి చూసేవాళ్ళము. మలుపు కోసమే అయితే రెండోసారి ఎవరు చూస్తారు?

ఇక ప్రేమ సంగతి. పాఠకురాలి కోరికను నేను చిన్నచూపు చూడను. ప్రమాదంలో పక్కపక్కన నిలబడిన ఇద్దరి మధ్య దగ్గరితనం పుట్టడం సహజం, దాన్ని చూడాలని కోరుకోవడమూ సహజం. అమెరికాలో 2009 నుంచి 2016 వరకు నడిచిన ‘క్యాజిల్’లో డిటెక్టివ్ బెకెట్, రచయిత క్యాజిల్ నాలుగు సీజన్ల తర్వాత గానీ ఒకటి కాలేదు. బెంగళూరులో ఉండే మా కోడలు ఆ సీరియల్ మొత్తం చూసింది. వాళ్ళు ఒకటయ్యాక సీరియల్ చప్పబడిందని ఆమె స్నేహితురాళ్ళు అన్నారని, తనకు మాత్రం అప్పటినుంచే ఇష్టం పెరిగిందని చెప్పింది. మరోవైపు, 1999లో మొదలైన ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’లో బెన్సన్, స్టేబ్లర్ అనే ఇద్దరు అధికారులు పన్నెండు సీజన్లు జంటగా పనిచేశారు, కానీ ప్రేమికులు కాలేదు. 2011లో స్టేబ్లర్ పాత్ర వెళ్ళిపోయి, పదేళ్ళ తర్వాత 2021లో తిరిగి వచ్చినప్పుడు కూడా వాళ్ళు ఒకటి కావాలా వద్దా అని ప్రేక్షకులు వాదించుకుంటూనే ఉన్నారు. నా మనసు రెండో జంట వైపే మొగ్గుతుంది. భార్యతో చెప్పుకోలేనిది, అమ్మతో చెప్పుకోలేనిది పక్కన నడిచే సహోద్యోగికి చెప్పకుండానే తెలిసిపోయే బంధం ఒకటి ఆ ఉద్యోగంలో ఉంది. ప్రేమ అన్న పేరు పెట్టగానే అది మనకు ముందే తెలిసిన కథ అయిపోతుంది.

2022లో పుష్కర్, గాయత్రి రూపొందించిన తమిళ సీరియల్ ‘సుడల్’ నాకు ఇందుకే నచ్చింది. చెల్లెలు కనబడకుండా పోయిన నందిని, ఆమెతో కలిసి వెతికే సబ్ ఇన్‌స్పెక్టర్ సక్కరై మొదటి సీజన్‌లో ఒకరికొకరు ఎంతో దగ్గరగా నడుస్తారు, అయినా కథ వాళ్ళచేత పాట పాడించలేదు. అందులోనే ఇన్‌స్పెక్టర్ రెజీనాకూ, కార్మిక నాయకుడు షణ్ముగానికీ మధ్య ఉన్న శత్రుత్వం, ఇద్దరి పిల్లలూ ఒకే కేసులో చిక్కుకున్నప్పుడు ఎటూ చెప్పలేని స్థితికి వస్తుంది. నిన్నటిదాకా సమ్మెలో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు మనుషులు ఇవాళ తల్లిగా, తండ్రిగా ఎదురుపడతారు. ఏ వైపు నిలబడాలో నాకు చూస్తున్నంతసేపూ తెలియలేదు, అలా తెలియకపోవడమే ఆ కథ బలం.

ఈ సందర్భంలో తెలుగు డబ్బింగ్ గురించి ఒక మాట చెప్పడం అవసరమని భావిస్తున్నాను. మా కోడలిది గుంటూరు, ఆమెకు తమిళం రాదు. ఆమె వచ్చినప్పుడు తెలుగు మాటలతో చూస్తాము, లేనప్పుడు మేము తమిళంలో చూస్తాము. మన భాషలో ఇద్దరి మధ్య బంధం ఏ మెట్టు మీద ఉందో ‘మీరు’, ‘నువ్వు’ అనే రెండు మాటలే చెప్పేస్తాయి. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం లేదు కాబట్టి, ఎప్పుడు ‘మీరు’ వదిలి ‘నువ్వు’ పట్టాలో తెలుగు మాటల రచయితే నిర్ణయించాలి. ఎన్నో డబ్బింగుల్లో ఇద్దరు అధికారులు పరిచయమైన మొదటి నిమిషం నుంచీ ‘నువ్వు’ అనుకుంటారు. అయిదో భాగంలో ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నప్పుడు మారవలసిన పిలుపు మారడానికి ఇక చోటే ఉండదు. మరికొన్నింటిలో భార్యాభర్తలు కూడా చివరిదాకా ‘మీరు’ అనుకుంటూ లాయర్లలాగా మాట్లాడుకుంటారు. తమిళనాడు స్టేషన్లలో కింది ఉద్యోగి పై అధికారిని ‘అయ్యా’ అనీ, స్త్రీ అధికారిని ‘అమ్మా’ అనీ పిలుస్తాడు. ‘అమ్మా’ అన్న ఆ పిలుపులో భయం, గౌరవం, ఒక్కొక్కప్పుడు నిజమైన ఆత్మీయత కూడా ఉంటాయి. డబ్బింగులో తరచుగా ఇవన్నీ ‘సార్’, ‘మేడమ్’ అయిపోతాయి. అలా మార్చడంలో పోయేది ఒక్క మాటే అనుకోవడానికి వీల్లేదు.

మా వారు చివరి సంవత్సరాల్లో పనిచేసిన స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు మా పెద్దవాడి వయసువాడు. నలుగురిలో మా వారు అతనికి సెల్యూట్ చేసి ‘అయ్యా’ అనేవారు. పొంగల్‌కు అతను మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మా వారిని ‘ఏట్టయ్యా’ (తమిళనాడులో హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచే పిలుపు) అని పిలిచి, కేసు డైరీలో తనకు తోచని విషయాలను అడిగి తెలుసుకునేవాడు. స్పెషల్ సబ్ ఇన్‌స్పెక్టరు అయిన తర్వాత కూడా ఆ పాత పిలుపే మిగిలింది. పదవి పైకీ, అనుభవం కిందికీ ఉన్నప్పుడు పుట్టే ఆ విచిత్రమైన ప్రేమను నేను తెరమీద ఒక్కచోటే సరిగ్గా చూశాను, అది ‘పాతాళ్ లోక్’. (ఇంకా చూడనివారు ఈ పేరా వదిలి తర్వాతి పేరాకు వెళ్ళమని మనవి.) 2020లో వచ్చిన మొదటి సీజన్‌లో ఢిల్లీ ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ చౌధరీ కింద పనిచేస్తూ సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకున్న కుర్రవాడు అన్సారీ, 2025లో వచ్చిన రెండో సీజన్‌లో ఐపీఎస్ అధికారిగా హాథీరామ్‌ను దాటిపోయి కనిపిస్తాడు. ఒకప్పటి శిష్యుడి ముందు హాథీరామ్ ఎలా నిలబడాలో తెలియక పడే తత్తరపాటు, అన్సారీ ఆ దూరాన్ని పెరగనీయకుండా చూపించే మర్యాద, అన్సారీ తన వ్యక్తిగత జీవితం గురించి దాచుకున్న నిజం చెప్పినప్పుడు పాతకాలపు మనిషి అయిన హాథీరామ్ తడబడుతూనే అతని పక్కన నిలబడటం నేను ఎప్పటికీ మరచిపోలేను. ఆ అన్సారీని సీజన్ మధ్యలోనే చంపేశారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. అయినా ఆ మరణాన్ని నేను అన్యాయమనను, ఎందుకంటే ఆ తర్వాత హాథీరామ్ వేసే ప్రతి అడుగులోనూ అన్సారీ లేని లోటు ఉంది. కేసు అక్కడినుంచి అతనికి ఉద్యోగంగా మిగల్లేదు.

దానికి భిన్నంగా ‘సీఐడీ’లో జరిగింది చూడండి. 1998లో మొదలై ఇరవై ఏళ్ళు నడిచిన ఆ కార్యక్రమంలో కేసులు ఎవరికీ గుర్తులేవు. అందులోని అధికారులు ఏసీపీ ప్రద్యుమన్, దయా, అభిజీత్ మాత్రం మా ఇంటి మనుషులయ్యారు. 2024 డిసెంబరులో తిరిగి మొదలైనప్పుడు దయా, అభిజీత్‌ల స్నేహాన్ని శత్రుత్వంగా మార్చి చూపించారు, ఆ తర్వాత 2025లో ఏసీపీ ప్రద్యుమన్ చనిపోయినట్టు చూపించి, కొన్నాళ్ళకు మళ్ళీ తీసుకువచ్చారు. ప్రేక్షకులు ఇరవై ఏళ్ళు పెంచుకున్న మమకారాన్ని వాళ్ళను కలవరపెట్టడానికి వాడుకున్నట్టు నాకు అనిపించింది. దుఃఖపడిన ప్రేక్షకుణ్ణి తర్వాత ఏ ముఖంతో మళ్ళీ నమ్మమంటారు? శివాజీ సాటమ్ వంటి నటుడు అన్నేళ్ళు మోసిన ప్రద్యుమన్ పాత్రకు అంతకంటే మంచి మర్యాద దక్కవలసింది.

పోలీసుకూ, అతని చేతికి చిక్కిన అనుమానితుడికీ మధ్య కూడా ఒక బంధం ఉంటుందని రచయితలు దాదాపుగా మరచిపోతున్నారు. హీరో అధికారి లాకప్‌లో నాలుగు దెబ్బలు వేయగానే నిజం బయటికి వచ్చినట్టు చూపిస్తారు, చూసేవారు సంతోషిస్తారు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం నిందితుడిపై రుజువుగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం అలాగే ఉంది. మా వారు తన ఉద్యోగ జీవితంలో ఎవరి మీదా చేయి చేసుకోలేదని నేను రాయను, ఎందుకంటే నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులు పోలీసు కస్టడీ తర్వాత చనిపోయారన్న వార్త వచ్చినప్పుడు మాత్రం ఆయన చాలా నెలలు ఒక్క నేర సీరియల్ కూడా చూడలేదు. తెరమీద దెబ్బ తిన్నవాడికి కూడా ఒక ఇల్లు ఉంటుంది, ఆ ఇంటి గుమ్మంలో కూడా ఎవరో ఎదురుచూస్తుంటారు. అనుమానితుడు నిర్దోషి అని తర్వాతి భాగంలో తేలినా, కొట్టిన అధికారి అతని ఇంటికి వెళ్ళి తలవంచుకొని నిలబడిన సన్నివేశాన్ని నేను ఇంతవరకు చూడలేదు. ఎవరైనా రాస్తే, అది వంద ఛేజింగుల కంటే ఎక్కువగా నన్ను కదిలిస్తుంది.

చివరిగా, బాధితుల కుటుంబాల గురించి చెప్పాలి, నిజానికి ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్‌లో డీసీపీ వర్తికా చతుర్వేదిని అందరూ మెచ్చుకున్నారు, ఆ సీరియల్‌కు 2020లో అంతర్జాతీయ ఎమ్మీ పురస్కారం కూడా వచ్చింది. నాకు మాత్రం శిక్షణలో ఉన్న యువ అధికారిణి నీతి సింగ్ ఎక్కువ గుర్తుంది. నేరస్థుల వెంట పరుగెత్తే పని కాకుండా, అత్యాచారానికి గురై ఆస్పత్రిలో ఉన్న అమ్మాయికీ, ఆ అమ్మాయి తల్లిదండ్రులకూ దగ్గరగా ఉండే పని నీతికి అప్పగిస్తారు. నీతి ముఖంలో చాలాసార్లు ఏమి చెప్పాలో తెలియని నిశ్శబ్దమే ఉంటుంది. రసికా దుగల్ ఆ నిశ్శబ్దాన్ని నటించిన తీరు చూసి, ఈ రచయితలు ఎవరో నిజమైన ఆస్పత్రి వరండాలో కూర్చొని వచ్చారని నేను అనుకున్నాను.

ఎందుకంటే ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. చాలా ఏళ్ళ క్రితం మా వారు పనిచేసిన ఒక స్టేషన్ పరిధిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సాయంత్రం ట్యూషన్‌కు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ అమ్మాయి తల్లి మొదట స్టేషన్‌కు వెళ్ళేవారు. అక్కడ మగవాళ్ళ మధ్య నిలబడి అడగలేక, ఎలా తెలుసుకున్నారో గానీ, ఒక శుక్రవారం మా క్వార్టర్సుకు వచ్చారు. ఆవిడ తమిళం మాట్లాడినా మాది తెలుగు ఇల్లని తెలిసి, వచ్చీరాని తెలుగులో, ‘అయ్యగారు ఏమైనా చెప్పారా అమ్మా?’ అని అడిగారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు శుక్రవారాల్లో ఆవిడ వచ్చేవారు, కాసేపు కూర్చునేవారు, కొన్నిసార్లు కేసు మాట ఎత్తేవారే కాదు. ఆవిడ వచ్చి వెళ్ళిన సంగతి నేను చెప్పకపోయినా, మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి ఉండటం చూసి మా వారికి తెలిసిపోయేది. ఆ కేసు తేలలేదు. ఆయనకు బదిలీ అయింది, కేసు చేతులు మారింది, అమ్మాయి దొరకలేదు.

సీరియళ్ళలో హంతకుడు దొరకగానే తల్లిదండ్రుల పాత్రలు మాయమవుతాయి. దొరకకపోతే కథే ఉండదు. కానీ ఒక కేసు ఒక పోలీసు ఇంట్లోకి ఎలా వస్తుందని నన్నడిగితే, నేను ఫోను మోగిందని చెప్పను, ఆ శుక్రవారాల గురించి చెబుతాను. మా వారికీ నాకూ మధ్య ఆ రెండేళ్ళలో ఏర్పడిన మౌనం తగవూ కాదు, ప్రేమ తగ్గడమూ కాదు. ఇంట్లో ఆడపిల్ల లేకపోయినా మేము ఒక ఆడపిల్ల కోసం ఎదురుచూశాము. ఇంటి సన్నివేశాలు కథకు అడ్డమని రాసిన పాఠకుడికి నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఇటువంటి ఇంటిని ఎవరూ మీకు ఇంకా చూపించలేదు. తెలుగులో నేర ధారావాహికలు ఇప్పుడిప్పుడే ఎక్కువగా వస్తున్నాయి, రాసేవారిలో ఎందరో యువకులున్నారు. వారిలో ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, స్టేషన్‌లో వారం రోజులు కూర్చొని వివరాలు రాసుకున్నట్టే, ఒక్క సాయంత్రం ఏదైనా పోలీసు క్వార్టర్సులో వంటగది గడప దగ్గర కూడా కూర్చోమని నా విన్నపం. మీరు సీరియళ్ళను సమీక్షించేటప్పుడు కూడా మలుపుల గురించి రాసినంత వివరంగా ఈ బంధాల గురించి, డబ్బింగులో మాటలు రాసినవారి పేర్లతో సహా, రాయించమని కోరుతున్నాను.

పదవీ విరమణ తర్వాత క్వార్టర్సు ఖాళీ చేసే రోజున సామాను వ్యానులోకి ఎక్కిస్తుండగా, నేను మా కొత్త ఇంటి చిరునామాను తమిళంలో ఒక కాగితం మీద రాసి, రెండు బస్సులు మారి వెళ్ళి, ఆవిడ చేతికి ఇచ్చి వచ్చాను. ఆవిడ ఇప్పటికి మూడుసార్లు వచ్చారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
చెన్నై.
(పేరు ప్రచురించవద్దని మనవి.)